పొడుగు పాట ముందొచ్చే ఆల్బం

ఐర్లండ్‌లో నేవన్ అనే ఊళ్ళో మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఒక పబ్బు ఉంది. దాని వెనక గదిలో, వేసవి రెండు నెలలు తప్ప, నెలకో ఆదివారం మధ్యాహ్నం పదిమందిమి కూర్చుని ఒక ఆల్బం మొదటి నుంచి చివరిదాకా వింటాం. మధ్యలో మాట్లాడకూడదు. ఫోను చూడకూడదు. బీరు తాగొచ్చు గానీ గ్లాసు బల్లమీద చప్పుడయ్యేలా పెట్టకూడదు. ఒక్కొక్కరికి ఏడాదికోసారి వంతు వస్తుంది. వంతు వచ్చినవాళ్ళు తమకి ప్రాణమైన రికార్డు తెచ్చి, దాని గురించి రెండు ముక్కలు చెప్పి, సూది పెట్టాలి.

అసలు తంతు ఆ తర్వాత ఉంది. విన్నవాళ్ళలో ఎవరో ఒకరు ఆ రికార్డుని నెల రోజులు ఇంటికి పట్టుకెళతామని అడగాలి. అడిగారా, మీరు గెలిచినట్టు. అడగలేదా, మీ రికార్డు మీరే చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టాలి. ఎవరూ ఏమీ అనరు. ఐరిష్ వాళ్ళు మహా మర్యాదస్తులు. 'గ్రాండ్' అంటారంతే. గ్రాండ్ అంటే ఏదో ఘనకార్యం అనుకునేరు. మన 'ఆ, పర్లేదులే'కి ఇక్కడ తొడిగిన సూటూ బూటూ అది.

పోయినేడాది నా వంతుకి నా బ్యాండు మొదటి ఆల్బం తీసుకెళ్ళాను. గ్రాండ్‌లు తొమ్మిది వచ్చాయి. రికార్డు నాతోనే తిరిగొచ్చింది. ఇంటికొచ్చేసరికి వర్షానికి అట్ట ఒక మూల ఉబ్బింది కూడా. ఈ ఏడాది రెండో ఆల్బం తీసుకెళ్ళాలి. ఈసారి కూడా ఎవరూ అడక్కపోతే వచ్చే ఏడాది నుంచి ఆ గదికి వినడానికి వెళ్ళడమే తప్ప, నా బ్యాండు ఊసెత్తకూడదని నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను. నాలాంటి వాగుడుకాయకి అది చిన్న శిక్ష కాదు.

నా బ్యాండు అంటే నేను వాయించేది కాదు. అమెరికాలో దక్షిణాదిన, ఎండా ఉక్కా దోమలూ ఉన్న ఊళ్ళలో పుట్టిన రాక్ సంగీతం ఒకటుంది. సదరన్ రాక్ అంటారు. ఆ బాపతులో పేరు మోసినవాళ్ళు కొందరున్నారు, వాళ్ళ బొమ్మలు చొక్కాల మీద కూడా అచ్చేస్తారు. నావాళ్ళు ఆ లెక్కలోకి రారు. మూడు ఆల్బములు చేశారు, ఎవరూ కొనలేదు, ఎవరి ఊరికి వాళ్ళు పోయారు. ఒకసారి మన తెలుగువాళ్ళ విందులో ఒక డాక్టరుగారు, "సదరన్ అంటే మన సౌత్ వాళ్ళేనాండీ?" అని అడిగారు. "ఆయ్, వాళ్ళకీ మనలాగే ఉక్కపోతేనండి," అన్నాను. ఆయన తృప్తిగా తలూపి పులిహోర వైపు వెళ్ళిపోయారు.

వాళ్ళ సంగీతం ఎలా ఉంటుందో చెప్పమంటే నాకు రెండు గిటార్లు గుర్తొస్తాయి. ఒకే ఇంటి తోడల్లుళ్ళు పండక్కి అత్తారింట్లో పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్నట్టుంటుంది. పైకి మర్యాద, లోపల పోటీ. ఒకాయన మాట మొదలుపెడితే రెండో ఆయన అందుకుని ఇంకాస్త గొప్పగా పూర్తిచేస్తాడు. డ్రమ్ములాయనకి తొందరన్నది లేదు. పాడే ఆయన గొంతు అందంగా ఉండదు. జ్వరం తగ్గిన మర్నాడు మనిషి మంచమ్మీంచి మాట్లాడినట్టు ఉంటుంది. కానీ ఆ గొంతు అబద్ధం చెప్పదు. వాళ్ళ పాటల్లో రైలు గేటు దగ్గర ఆగిపోయిన లారీలుంటాయి, బురదరోడ్లుంటాయి, పొలం గట్టు కోసం మాటలు మానేసిన అన్నదమ్ములుంటారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని రోజుల్లో కూడా అది ఎవరి గొడవో నాకు అర్థమైపోయింది.

ఆ రోజుల్లో నేను తాడేపల్లిగూడెంలో ఉన్నాను. పదో తరగతి రెండుసార్లు రాశాను. రెండోసారి కూడా లెక్కలు నన్ను పట్టుకుని వదల్లేదు, అందుకని నేనే వాటిని వదిలేసి ఒక క్యాసెట్ల రికార్డింగు షాపులో చేరాను. జనం తమకి కావలసిన పాటల చీటీ తెచ్చేవాళ్ళు. వాటిని ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇవ్వడం నా పని. షాపు ఓనరుగారికి ఒకటే నియమం. టేపు ఖాళీగా తిరగకూడదు.

"ఒరేయ్, ఆడు టేపంతా కొన్నాడ్రా," అనేవారాయన. "చివర్న రెండు నిమిషాలు సుయ్యిమని తిరిగిందనుకో, పాట ఎగ్గొట్టాం అనుకుంటాడు. అలాగని పాట మధ్యలో తెగితే మన పీక తెగ్గోస్తాడు. సర్దు."

సర్దడమంటే ఏ పాట ఎన్ని నిమిషాలో చూసుకుని, రెండు వైపులా సరిగ్గా నిండేలా వాటిని అటూ ఇటూ మార్చడం. లెక్కల్లో తప్పినవాడికి పొద్దస్తమానం నిమిషాలు కూడే ఉద్యోగం దొరికింది. దేవుడికి కూడా హాస్యం తెలుసు.

ఒకనాడు ఓడలో వంట చేసే ఆయన ఒకరు సెలవు మీద వచ్చి, ఏ రేవులోనో కొన్న మూడు రికార్డులు తెచ్చి క్యాసెట్టుల్లోకి దింపమన్నారు. మా షాపుకి ఏది వచ్చినా ఒక కాపీ మాకూ దించుకోవడం అలవాటు. అలా నావాళ్ళు నా దగ్గరికొచ్చారు. ఆ కాపీలు షాపు జాబితాలో ఎక్కించాను, వచ్చినవాళ్ళందరికీ వినిపించాను. ఆరేళ్ళలో ఒక్కాయన కొన్నారు. వారం తిరక్కుండా వెనక్కి తెచ్చి, "దీని మీద అయ్యప్ప భజనలు ఎక్కించి ఇవ్వండి," అన్నారు.

ఆ తర్వాత పెళ్ళయింది, చాలా ఏళ్ళకి మా ఆవిడకి ఇక్కడ వైద్య పరికరాల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం వచ్చింది. తప్పులు పట్టుకోవడం ఆవిడ పని. జీతం ఫ్యాక్టరీ ఇస్తుంది, సాధన ఇంట్లో చేస్తుంది. నేను డిపెండెంటు వీసా మీద వెనకాలే వచ్చాను. ఆధారపడినవాడు అని ప్రభుత్వం వారే రాసిచ్చారు కనక ఇంట్లో ఆ విషయం మీద వాదన లేదు. ఇప్పుడు ఒక బేకరీ వ్యాను నడుపుతూ మీత్ కౌంటీలో ఊరూరా రొట్టెలు దించుతాను. వ్యానులో నావాళ్ళు పాడుతూనే ఉంటారు.

రెండో ఆల్బం అసలు రికార్డు నాకు పక్క ఊరు ట్రిమ్‌లో, జనం దానమిచ్చిన పాత సామాన్లు అమ్మే ఒక ఛారిటీ షాపులో దొరికింది. పాత కోట్ల వెనక పెట్టెలో ఉంది. వ్యాను అడ్డంగా ఆపి ఉందన్న సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. తర్వాత అట్ట వెనక పాటల వరస చదివాను. తప్పు. నాకు తెలిసిన ఆల్బం రైలు గేటు పాటతో హుషారుగా మొదలై, తొమ్మిది నిమిషాల నెమ్మది పాటతో ముగుస్తుంది. అట్ట మీద ఆ తొమ్మిది నిమిషాల పాట అన్నిటికంటే ముందుంది.

మా ఆదివారం గదిని నడిపేది ఒక రిటైరైన పోస్టుమ్యాన్. రికార్డు ప్లేయరు ఆయనదే, నియమాలూ ఆయనవే. ఆయన దగ్గరికెళ్ళి, అట్ట అచ్చేసినవాళ్ళు పాటల వరస తారుమారు చేశారని ఫిర్యాదు చేశాను. ఆయన రికార్డు బయటికి తీసి మధ్యలో ఉన్న కాగితం చూపించాడు. అక్కడా అదే వరస. సూది పెట్టి చూపించాడు. అదే వరస. ఆయన ఇంగ్లీషులో చెప్పిన మాటలు నా చేతిలో పడి కాస్త గోదావరి యాస అంటించుకుంటాయి, క్షమించాలి.

"అచ్చేసినోడూ, రికార్డు తయారుచేసినోడూ, పాడినోడూ కలిసి నిన్ను మోసం చేశారంటావా?"

"మరి నా క్యాసెట్టులో..."

"ఆ క్యాసెట్టు ఎవరు చేశారు?"

అప్పుడు తట్టింది. ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర రొట్టెల రసీదు వెనక లెక్క వేసి చూశాను. రికార్డుకి ఒక వైపు ఇరవయ్యారు నిమిషాలు, రెండోవైపు పద్దెనిమిది. మా షాపులో వాడిన నలభై ఐదు నిమిషాల క్యాసెట్టుకి వైపుకి ఇరవై రెండున్నర. ఇరవయ్యారు పట్టదు. అందుకని తొమ్మిది నిమిషాల పాటని మొదటి వైపు నుంచి పీకి రెండోవైపు చివర పెట్టి, ఒక ఐదు నిమిషాల పాటని అక్కణ్ణించి ఇటు తెచ్చాను. ఇటు ఇరవై రెండు, అటు ఇరవై రెండు. టేపు ఎక్కడా ఖాళీ తిరగలేదు. ఓనరుగారు భుజం తట్టే ఉంటారు. ఆ వరసే ఆల్బం పుట్టినప్పటి నుంచీ ఉన్న వరస అనుకుని ముప్పై ఏళ్ళకి పైగా దానికి దణ్ణం పెడుతున్నాను.

ఎవరైనా ఇక్కడ సిగ్గుపడతారు. నాకు గర్వం వచ్చింది. నావాళ్ళు ఎందుకు పైకి రాలేదో తెలిసిపోయింది! ఎవరయ్యా ఆల్బం మొదట్లో తొమ్మిది నిమిషాల ఏడుపు పెట్టుకునేది? రెండు నిమిషాల దాకా డ్రమ్ము మోగదు, మూడో నిమిషానికి గాని మనిషి నోరు తెరవడు. వినేవాళ్ళు ఈలోపు లేచి వంట చేసుకుని తినేసి ఉంటారు. అదే నా వరసలో వచ్చి ఉంటే వాళ్ళ బొమ్మలు కూడా ఇవాళ చొక్కాల మీద ఉండేవి.

ఈ సిద్ధాంతం ఇంట్లో వినిపించాను. మా అమ్మాయికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం నేవన్ ఇంగ్లీషులో వస్తుంది. "డాడ్, యూ మేడ్ ఎ ప్లేలిస్ట్, లైక్," అని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది.

మా ఆవిడ ప్రెస్‌లో గిన్నెలు సర్దుతోంది. ఇక్కడ అలమరాని ప్రెస్ అంటారు. "ఏవండీ, వాళ్ళ కోసం ఇంత ఇదైపోతున్నారు. మీరంటూ ఒకళ్ళున్నారని వాళ్ళకి తెలుసా?"

"తెలియదు. తెలిస్తే అప్పుడే పిలిచి పాటలు సర్దమనేవారు."

"పిలవకపోవడమే మంచిదయింది లెండి. మీరు మొన్న సర్దిన ఫ్రిజ్‌లో పెరుగు ఇంకా దొరకలేదు."

నా వంతుకి వారం ముందు మళ్ళీ పోస్టుమ్యాన్ దగ్గరికి వెళ్ళి ఒక్క మినహాయింపు అడిగాను. ముందు రైలు గేటు పాట వేసుకుంటాను, పొడుగు పాట చివర్న వేస్తాను, ఒక్కసారికి కళ్ళు మూసుకోండి అని.

"కుదరదు. అట్ట మీద ఎలా ఉంటే అలా," అన్నాడు. "పుస్తకం ఆఖరి పేజీ నుంచి చదువుతావా నువ్వు?"

"పుస్తకాలు మానేసినవాణ్ణి, నన్నా అడుగుతున్నారు?"

నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళు ఊరి ఉత్తరాలు వరస తప్పకుండా పంచిన మనిషి. ఆయన్ని వరస మార్చమనడం నాదే బుద్ధి తక్కువ.

ఆదివారం వచ్చింది. ఎప్పుడూ రాని మా ఆవిడ ఈసారి కారులో తీసుకెళ్ళి, తనూ లోపలికొచ్చి కూర్చుంది. పోయినసారిలా అట్ట తడవకూడదని అంది. వెనక బల్ల దగ్గర టైల్స్ షాపాయన అప్పటికే గ్రాండ్ అనే ముఖం పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ముందు వరసలో ఒక రిటైరైన మంత్రసాని కూర్చుంటుంది. ఈ చుట్టుపక్కల సగం మంది ఆవిడ చేతుల్లోకే పుట్టారని చెప్పుకుంటారు. ఎవరి రికార్డూ ఇంటికి తీసుకెళ్ళిన మనిషి కాదు. ఇంట్లో కుక్కకి చప్పుడు పడదని చెబుతుంది.

చెప్పడానికి చాలా సిద్ధం చేసుకున్నాను. తోడల్లుళ్ళ సంగతి, జ్వరం గొంతు సంగతి. తీరా నిలబడ్డాక, "మొదటి పాట పొడుగు. దయచేసి లేచి వెళ్ళిపోకండి," అన్నాను. అంతే వచ్చింది. సినిమా హాల్లో గేటుకీపరు కూడా ఇంతకంటే బాగా మాట్లాడతాడు.

సూది చేతిలోకి తీసుకున్నాను. నల్లటి రికార్డు మీద పాటకీ పాటకీ మధ్య సన్నటి మెరుపు గీత ఉంటుంది. మొదటి గీత మీద సూది దించితే రెండో పాట నుంచి మొదలవుతుంది. ఎవడికి తెలుస్తుంది? పోస్టుమ్యాన్ తన బీరు తెచ్చుకోవడానికి వెనక్కి తిరిగాడు. చెయ్యి ఆ గీత మీదకి వెళ్ళింది కూడా. అప్పుడే చూశాను, ముందు వరసలో మంత్రసాని కళ్ళజోడు పెట్టుకుని అట్ట ఒళ్ళో పెట్టుకుని, మొదటి పాట పేరు మీద వేలు ఆనించి నాకేసి చూస్తోంది. పరీక్ష హాల్లో నా పక్కన నిలబడే మాస్టారు గుర్తొచ్చారు. సూది అంచుకి జరిపి దించాను.

ఆర్గన్ మొదలైంది. ఎవరూ లేని ఇంట్లో ఫ్రిజ్ మోగుతున్నట్టు ఒకటే స్వరం. ఒక గిటారు ఒక చుక్క వేసి ఊరుకుంది. టైల్స్ షాపాయన వాచీ చూసుకున్నాడు. కిటికీ దగ్గర దంపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను గోడకి ఆనుకుని వాళ్ళ ముఖాలు లెక్కపెడుతున్నాను. రికార్డు అడిగేవాళ్ళలో ఇద్దరు పోయారు, ముగ్గురు పోయారు.

తర్వాత జ్వరం గొంతు వచ్చింది. ఊరంతా నీళ్ళలో మునిగితే ఇంటి కప్పు మీద కూర్చున్న కుటుంబం పాట అది. నీళ్ళు తగ్గుతున్నాయా అని ఒకరు అడుగుతారు, ఒక గడ్డిపరక వదిలి చూడమని ఇంకొకరంటారు. మా ఊరి పక్క ఎర్రకాలవ పొంగిన ఏడు మేమూ అలా మేడ మీద కూర్చున్నాం. నాన్న గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, నీళ్ళు ఆ గీత దాటుతాయా అని పొద్దంతా చూశాడు. నా క్యాసెట్టులో ఈ పాట వచ్చేసరికి అంతా అయిపోయేది. రైలు గేటు దగ్గర పోట్లాడుకున్నవాళ్ళూ, పొలం గట్టు కోసం మాటలు మానేసిన అన్నదమ్ములూ, కల్లుపాక పాటలో గంతులేసినవాళ్ళూ అందరూ చివరికి ఆ నీళ్ళలో పడేవాళ్ళు. అందుకే అది నాకు ఏడుపు పాట.

ఆ గదిలో పాట అయిపోయింది. నా బుర్రలో అక్కడ టేపు ఆగిపోయే టక్కుమన్న చప్పుడు రావాలి. రాలేదు. రైలు గేటు పాట మొదలైంది, తోడల్లుళ్ళిద్దరూ ఒక్కసారి అందుకున్నారు. వీళ్ళు ఆ కప్పు మీంచి దిగొచ్చినవాళ్ళే కదా అనిపించింది. తగవులన్నీ నీళ్ళు తగ్గాక వచ్చినవి. బతికి బయటపడ్డారు కాబట్టి గట్టు కోసం కొట్టుకుంటున్నారు. బతికున్నారు కాబట్టే గంతులేస్తున్నారు. నేనేం చేశాను? ఒక వైపు మూడున్నర నిమిషాలు ఎక్కువైందని, ముప్పై ఏళ్ళుగా వాళ్ళందరినీ తీసుకెళ్ళి చివర్లో ముంచుతూ వచ్చాను.

మిగతా ఆల్బం ఎవరి ముఖమూ చూడకుండా విన్నాను. ఏ పాట తర్వాత ఏది వస్తుందో నాకు తెలియలేదు. నా సొంత బ్యాండు నాకు కొత్తగా ఉంది.

ఆల్బం అయిపోయింది. "గ్రాండ్," అన్నాడు టైల్స్ షాపాయన. "గ్రాండ్, గ్రాండ్," అన్నారు కిటికీ దంపతులు. ఒకతను గిటార్లు బాగున్నాయన్నాడు. ఇంకొకతను మొదటిది మరీ సాగిందన్నాడు. పోస్టుమ్యాన్ మామూలుగా అడిగాడు. "మరి ఎవరైనా?"

ఎవరూ కదల్లేదు. మా ఆవిడ తన కోటు జేబులోంచి మడిచిన ప్లాస్టిక్ సంచి బయటికి తీసి, మెల్లగా విప్పడం చూశాను. అట్ట తీసుకుందామని ముందు వరస దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను.

"ఉండబ్బాయ్," అంది మంత్రసాని. అట్ట ఆవిడ ఒళ్ళోనే ఉంది. "ఆ మొదటి పాట ఉంది చూడు. ఏమీ జరగట్లేదు అనిపిస్తుంది, కానీ గదిలోంచి ఎవరూ బయటికి పోలేరు. పురుళ్ళు పోసిన నా ఉద్యోగమంతా అదే. అది ముందు రాకపోతే మిగతాదంతా ఎలా వస్తుంది?"

నేను చాపిన చెయ్యి అలాగే పెట్టుకుని పక్కనున్న ఖాళీ కుర్చీలో కూలబడ్డాను. మా ఆవిడ ఆ దృశ్యాన్ని చాలా రోజులు చెప్పుకుంది.

"నేను పట్టుకెళతాను," అందావిడ.

"మరి కుక్కో?" అన్నాడు పోస్టుమ్యాన్.

"దానికీ చెవులున్నాయి. నేర్చుకుంటుంది."

గెలిచాను. గుండెలో డప్పు మోగాలి నిజానికి. మోగింది కూడా, ఒక నిమిషం. పబ్బు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఇంకో సంగతి తెలిసొచ్చింది. తప్పు వరస అనుకుని ఇంట్లో ఎప్పుడూ పెట్టుకోలేదు, ఈ వరసలో నేను దాన్ని పూర్తిగా విన్నది ఇవాళ ఒక్కసారే. ఫోనులో వెతికితే ఈ ఆల్బం ఎక్కడా లేదు. ఇంట్లో ఉన్నది నేను సర్దిన క్యాసెట్టు. అది ఇక వినబుద్ధి కాదు. రాకరాక అడిగిన మనిషి దగ్గర్నుంచి రికార్డు ఎలా లాక్కోను?

లాక్కోలేక జాగ్రత్తలు మొదలుపెట్టాను. అంచులు పట్టుకోవాలండి, మధ్యలో వేలు పెట్టకూడదు. సూది మెల్లగా దించాలండి. హీటరు పక్కన పెడితే వంగిపోతుందండి. రెండోవైపు మూడో పాట దగ్గర చిన్న గీత ఉంది, అక్కడ భయపడకండి. చెబుతూ ఉన్నాను గానీ అట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. ఒక కొస నా చేతిలో, ఒక కొస ఆవిడ చేతిలో.

"అబ్బాయ్," అంది మంత్రసాని, "తడిసి జారిపోతున్న పసిపిల్లల్ని ఎంతమందిని పట్టుకున్నానో లెక్కలేదు. ఒక్కర్ని కింద పడెయ్యలేదు. వదులు."

వదిలాను. రికార్డుని కోటు లోపల పెట్టుకుని, బొత్తాలన్నీ పైదాకా పెట్టుకుని, చినుకుల్లో తలొంచుకుని చర్చి వైపు నడిచి వెళ్ళిపోయింది. మూల తిరిగేదాకా చూశాను.

మా ఆవిడ కారు అద్దం దించింది. "ఏవండోయ్, పిల్లని అత్తారింటికి సాగనంపినట్టు అలా నిలబడ్డారేంటి? ఎక్కండి."

ఎక్కాను. దారిలో ఆవిడ రేడియో పెట్టబోతే వద్దన్నాను, ఆ వరస ఇంకా బుర్రలో మోగుతోంది.